దత్తమండలము నుండి అరచేతి తెర దాకా



చలనచిత్ర వ్యాపారములో రాయలసీమను నేటికీ "సీడెడ్" అనియే అంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో బొమ్మ ఎంత వసూలు చేసినా ఆ లెక్క సీడెడ్ పద్దులోనే పడుతుంది. ఈ మాట పుట్టుక 1800 నాటిది. కంపెనీ సైన్యపు ఖర్చునకు బదులుగా నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు ధారాదత్తము చేసినాడు. ఇక్కడి రైతును మాత్రము ఎవరూ అడుగలేదు. 1928లో నంద్యాల సభలో "రాయలసీమ" అన్న గౌరవనామము వచ్చినా, సినిమావారి నోట పాత మాటయే నిలిచినది.

అప్పట్లో ఇక్కడ పాలెగాండ్రు ఎందరో. 1800–1807 మధ్య కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఎనుబదిమంది దాకా పాలెగాండ్రను అణచి, అధికారమంతా ఒక్కచోటికి తెచ్చినాడు. కొట్లాటలు తగ్గినవి, అది మేలే. కాని శిస్తు భారమైనది. దానిని నాలుగవ వంతు తగ్గించుమని 1807లో మన్రోయే వ్రాసినా, పైవారు అప్పుడు ఒప్పుకొనలేదు. మొరపెట్టుకొనుటకు రెండవ గడప లేనప్పుడు రైతు చేయగలిగినదేమి?

ఓటీటీల చరిత్ర చూచినప్పుడు నాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చినది. 2015లో హాట్‌స్టార్, 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో, 2017లో సన్ నెక్స్ట్, 2018లో జీ5 మన దేశములో అడుగిడినవి. 2020 ఉగాదికి తెలుగు కొరకే "ఆహా" వెలసినది. ఎవరి కోట వారిది, ఎవరి చందా వారిది.

2022 వేలములో ఐపీఎల్ అంతర్జాల హక్కులను వయాకామ్18 వేలకోట్లు పోసి కొన్నది. 2023లో ఆటలను జియోసినిమాలో ఉచితముగా చూపినది. హాట్‌స్టార్ ఊరకుండునా? ఆ ఏడే ప్రపంచకప్పును ఫోనులలో ఉచితముగా చూపినది. ఇద్దరి పోరులో ప్రేక్షకునికి పండుగ.

ఆ పండుగ ఎంతో కాలము నిలువలేదు. 2024 ఆగస్టులో పోటీ కమిషన్ షరతులతో అంగీకరించగా, నవంబరులో రిలయన్స్, డిస్నీల వ్యాపారములు ఏకమైనవి. ఆ కూటమి విలువ 70,352 కోట్ల రూపాయలు. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ వచ్చినది. ఆటలు పూర్తిగా ఉచితముగా చూచు కాలము ముగిసి, చందాయో, రీచార్జి పథకమో అవసరమైనది.

కలయికలన్నియు చెడ్డవని నా వాదము కాదు. పులివెందుల తాలూకాలో పుట్టిన బి.యన్.రెడ్డిగారు మూలా నారాయణస్వామిగారితో కలిసి నెలకొల్పిన వాహినీ స్టూడియో, తరువాత తమ్ముడు నాగిరెడ్డిగారి చేతికి వచ్చి విజయవాహినిగా పెరిగినది. దానివలన తెలుగు చిత్రమునకు మేలే జరిగినది. అయితే నాడు స్టూడియో ఎంత పెద్దదైనా బొమ్మపెట్టె ఊరూరా తిరిగేది. ఒక హాలువారు వేయకున్న మరొకరు వేసేవారు. నేడు హక్కుల గడువు తీరినచో పాత చిత్రము ఆ తెరపై నుండి మాయమగును. ఏండ్లతరబడి చందా కట్టినవాని చేతిలో ఒక్క రీలైనా మిగులదు.

కనుక ఏ విలీనవార్త విన్నా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ప్రేక్షకునికి రెండవ గడప మిగిలినదా? ఆహా, ఈటీవీ విన్ వంటి తెలుగు గడపలకు చందా కట్టుట దానము కాదు. కరవుసీమ రైతు రెండవ బావి త్రవ్వుకొనుట వంటిది.