ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు: కోబ్రా కారు కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో రిజిస్ట్రేషన్ సెక్షనులో గుమాస్తాగా చేరి, ఆ బల్లల మధ్యనే పదవీ విరమణ చేసినవాణ్ణి. నా సర్వీసంతా రెండు నంబర్లతో గడిచింది. ఒకటి ఇంజన్ నంబరు, రెండోది ఛాసిస్ నంబరు. అందుచేత ఈ రెండు నంబర్ల చుట్టూ తిరిగిన ఒక కారు చరిత్రను నాకు తెలిసినంతలో మనవి చేస్తాను. ఆ కారు పేరు కోబ్రా. అంటే మన నాగుపామే.

ఇంగ్లండులో లండనుకు సమీపంలో థేమ్స్ డిట్టన్ అనే ఊరుంది. అక్కడ ఏ.సి. కార్స్ అనే చిన్న కంపెనీ 1953లో ఏస్ అనే రెండు సీట్ల కారును బయటకు తెచ్చింది. అడుగున రెండు లావుపాటి ఉక్కు గొట్టాలతో కట్టిన ఛాసిస్, దానిమీద చేత్తో మలిచిన అల్యూమినియం రేకుల బాడీ. అందానికి లోటు లేదు. చిక్కంతా ఇంజన్ దగ్గరే వచ్చింది. కంపెనీ సొంత ఇంజన్ 1919 నాటి నమూనా. అది చాలక బ్రిస్టల్ కంపెనీ నుంచి రెండు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజన్ కొని బిగించేవారు. ఆ బ్రిస్టల్ ఇంజన్ అయినా యుద్ధానికి ముందు జర్మనీలో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 328 కారు ఇంజన్ ఆధారంగా తయారైనదే. 1961 ప్రాంతంలో బ్రిస్టల్ వారు ఆ ఇంజన్ల తయారీకి స్వస్తి చెప్పడంతో ఏస్ కారుకు దిక్కు లేకుండా పోయింది.

సరిగ్గా ఆ సమయంలో అమెరికా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు కారల్ షెల్బీ. 1923లో టెక్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. కోళ్ల ఫారం పెట్టి, కోళ్లు తెగులొచ్చి చనిపోగా నష్టపోయాడు. తరువాత కారు పందేల్లోకి దిగి, 1959లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్ కారు నడిపి గెలిచాడు. గుండెజబ్బు కారణంగా 1960లో పందేలు మానుకోవలసి వచ్చింది. నడపడం కుదరకపోతే తయారు చేద్దామనుకున్నాడు. సొంత ఫ్యాక్టరీ లేదు, చేతిలో డబ్బూ లేదు. ఏ.సి. వారి ఛాసిస్, బాడీలో అమెరికా వి-8 ఇంజన్ పెడితే ఎలా ఉంటుందని 1961 సెప్టెంబరులో ఆ కంపెనీకి రాశాడు. వాళ్లు ఒప్పుకున్నారు. ఫోర్డు కంపెనీ అప్పుడే కొత్తగా తేలికపాటి వి-8 ఇంజన్ తయారుచేసింది. వాళ్లూ సరేనన్నారు.

1962 ఆరంభంలో ఇంజన్ లేని కారు ఒకటి ఇంగ్లండు నుంచి విమానంలో లాస్ ఏంజిలిస్ చేరింది. దాని ఛాసిస్ నంబరు సి.ఎస్.ఎక్స్. 2000. డీన్ మూన్ అనే మిత్రుడి షెడ్డులో కొద్ది గంటల్లోనే దానికి ఫోర్డు ఇంజన్ ఎక్కించారు. ఆ ఇంజన్ 4,260 సి.సి. మనం ఎక్కి తిరిగిన అంబాసిడర్ 1,489 సి.సి. అని గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది.

ఇంజన్ మార్చడమంటే ఒకటి దించి మరొకటి పెట్టడమే కదా అని మనవాళ్లు అనుకుంటారు. షెడ్డు మేస్త్రీలను అడిగితే అసలు సంగతి చెబుతారు. కొత్త ఇంజన్‌కు ఛాసిస్ మీద పట్లు వేరే వెల్డింగు చేయాలి. క్లచ్, గేరుబాక్సు దానికి తగ్గవి కావాలి. రేడియేటరు పెద్దది కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అంత బలం వెనక చక్రాలకు అందేటప్పుడు మధ్యలోని ఇరుసు, పళ్లచక్రాలు విరగకుండా తట్టుకోవాలి. కోబ్రా విషయంలో వెనక డిఫరెన్షియల్ తీసేసి, జాగ్వార్ ఇ-టైప్ కారుకు వాడే తరహా గట్టి సాలిస్‌బరీ డిఫరెన్షియల్ వేశారు. ఇంజన్ వెడల్పు కావడంతో స్టీరింగు పెట్టెను పక్కకు జరిపారు. 1965లో ఏడు లీటర్ల ఇంజన్ పెట్టదలచినప్పుడు పాత ఛాసిస్ చాలలేదు. మూడంగుళాల గొట్టాల స్థానంలో నాలుగంగుళాల గొట్టాలు, పట్టీ కమాన్ల స్థానంలో చుట్ట స్ప్రింగులు వచ్చాయి.

షెల్బీ వ్యాపార చాతుర్యం గురించి ఒక ముచ్చట చెబుతారు. తొలిరోజుల్లో అతని దగ్గర ఉన్నది ఒక్కటే కారు. పత్రికలవాళ్లు నడిపి చూడడానికి వచ్చినప్పుడల్లా దానికే వేరే రంగు వేసి ఇచ్చేవాడట. చదువరులు కార్లు వరుసగా తయారై వస్తున్నాయనుకున్నారు. ఏమైతేనేం, ఆ ఛాసిస్ ఆధారంగా పైకప్పుతో కట్టిన డేటోనా కూపేలతో 1965లో ఫెరారీని దాటి ప్రపంచ జి.టి. తయారీదారుల ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1967 దాకా తయారైన కోబ్రాలు అన్నీ కలిపి సుమారు వెయ్యి. మొట్టమొదటి కారు 2016లో వేలానికి వస్తే 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది.

ఇప్పుడు నా ప్రశ్న. కోబ్రా ఏ దేశపు కారు? బాడీ ఇంగ్లండుది, ఇంజన్ అమెరికాది. మన చిన్నతనంలో చదువుకున్న భేతాళ కథల్లో తలలు మారిన కథ ఒకటుంది. భర్త తల తమ్ముడి మొండానికీ, తమ్ముడి తల భర్త మొండానికీ అతుక్కుంటాయి. ఆమె ఎవరి భార్య అని భేతాళుడు అడుగుతాడు. శరీరానికి తలే ప్రధానం కనుక తల ఎవరిదైతే అతనే భర్త అని విక్రమార్కుడు తీర్పు చెబుతాడు. మోటారు వాహనాల విషయంలో మా శాఖ తీర్పు కూడా అటువంటిదే. ఇంజన్ అరిగిపోవచ్చు, మారవచ్చు. తలవంటిది ఛాసిస్. ఆ నంబరు పోతే బండి పోయినట్లే.

అసలు కార్లు వెయ్యే ఉండి, ఆశపడేవారు లక్షల్లో ఉన్నప్పుడు నకళ్లు రాక మానవు. అసలు కారు మీదనుంచి అచ్చు తీసి, ఫైబర్‌గ్లాసుతో బాడీ పోస్తారు. ఛాసిస్ గొట్టాలతో కొత్తగా కడతారు. మిగతావి పాత కారులోంచి తీస్తారు. 1995లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇద్దరు అన్నదమ్ములు ప్రారంభించిన ఫ్యాక్టరీ ఫైవ్ అనే సంస్థ ఇటువంటి విడిభాగాల పెట్టెలు అమ్ముతుంది.

అమెరికాలో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లు ఉన్నప్పుడు, పక్క వీధిలో నా ఈడు ఆయన ఒకాయన తన షెడ్డులో ఇదే పని చేస్తూ కనిపించాడు. పాత ఫోర్డు మస్టాంగ్ కారు ఒకటి కొని, దాని ఇంజన్, గేరుబాక్సు, వెనక ఇరుసు, స్టీరింగు విప్పి కొత్త ఛాసిస్‌కు బిగిస్తున్నాడు. ఆ 302 ఘనపు అంగుళాల ఇంజన్, షెల్బీ 1962లో పెట్టిన 260 ఇంజన్ వంశంలోనిదే. నా దృష్టి మాత్రం గోడకు తగిలించిన ఫైలు మీదికి పోయింది. పాత కారు టైటిలు, ప్రతి భాగానికీ బిల్లు, కట్టిన ప్రతి దశకూ ఫోటో. పని పూర్తయ్యాక అధికారులు చూసి, ఇది ఇంట్లో కూర్చిన బండి అని కాగితం మీద రాసి నంబరు ఇస్తారట. కోబ్రా అని రాయరు గదా, బాధ లేదా అని మా అబ్బాయి ద్వారా అడిగించాను. ‘నేను కట్టింది నేను కట్టినట్టే ఉండాలి’ అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

అందరూ అలా ఉండరు. ఫెరారీ బొమ్మ వేసుకున్న నకళ్ల మీద ఆ కంపెనీ కోర్టుకెక్కింది. మయామీ వైస్ అనే టీవీ ధారావాహికలో కథానాయకుడు నడిపిన ఫెరారీ డేటోనా నిజానికి షెవర్లే కొర్వెట్ మీద కట్టిన నకలు. ఫెరారీ అభ్యంతరం తరువాత 1986లో కథలోనే ఆ కారును పేల్చేసి, కంపెనీ ఇచ్చిన అసలు టెస్టరోసాను దాని స్థానంలో తెచ్చారు.

విచిత్రమేమంటే, నంబర్ల విషయంలో షెల్బీ మీదనే మాట వచ్చింది. 1965 నాటి ఛాసిస్‌లు తన దగ్గర మిగిలి ఉన్నాయని చెప్పి, కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ నుంచి నలభైకి పైగా కార్లకు ఆనాటి నంబర్లతో డూప్లికేటు టైటిళ్లు తీసుకున్నాడు. 1993లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక ఆరా తీస్తే, ఆ ఛాసిస్‌లు కొద్దికాలం కిందట కొత్తగా కట్టించినవని బయటపడింది. పెద్ద గొడవ అయింది. ఆ తరువాత అతనే 4000తో మొదలయ్యే కొత్త నంబర్ల వరుసతో, ఇవి కొత్తగా తయారైనవని చెప్పి కోబ్రాలు అమ్మాడు. ఎవరూ ఆక్షేపించలేదు, సంతోషంగా కొన్నారు. కట్టినవాడు ఒకడే, కారు రూపం ఒకటే. పాత నంబరు వేస్తే వివాదం, కొత్త నంబరు వేస్తే గౌరవం. ఫైలులో ఒక్క పంక్తి చేసే పని ఇదీ.

షెల్బీ జీవితంలో మరో సంగతి కూడా ఉంది. 1990లో అతనికి గుండె మార్పిడి జరిగింది. 1996లో కిడ్నీ మార్చారు, దాత కన్నకొడుకే. గుండె మారాక ఇరవై రెండేళ్లు బతికి, 2012లో 89వ ఏట కన్నుమూశాడు. కార్లకు ఇంజన్ మార్చినవాడికి ఆ భాగ్యం తనకూ దక్కింది. గుండె వేరొకరిదైనా మనిషి షెల్బీయే. మన సభ్యుల్లో మోకాళ్లు మార్పించుకున్నవారు, పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు ఏటా లైఫ్ సర్టిఫికెట్ పాత పేరుతోనే ఇస్తున్నారు కదా!

ఇక మన దగ్గరికి వద్దాం. 1973 తరువాత పెట్రోలు ధర పెరగడంతో టాక్సీవాళ్లు పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించుకున్నారు. ఆ పని చెప్పి చేయాలని 1939 నాటి చట్టంలోనే ఉంది. కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు. అటువంటి కారు కొన్న ఒక డ్రైవరు నాకు ఇప్పటికీ గుర్తు. ప్రమాదం జరిగి బీమా అడిగితే, ఇంజన్ నంబరు సి-బుక్కుతో సరిపోలేదని కంపెనీ డబ్బు నిలిపేసింది. ఇంజన్ మార్చింది అతను కాదు, ముందు యజమాని. పిల్లలతో మా ఆఫీసు మెట్ల మీద ఎన్ని రోజులు కూర్చున్నాడో! చివరికి ముందు యజమాని ఇంట్లో ఇంజన్ కొన్న బిల్లు దొరికింది, బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు బండి చూసి రిపోర్టు ఇచ్చారు, పుస్తకంలో ఎంట్రీ పడింది. ఒక బిల్లు లేకపోతే ఒక కుటుంబం రోడ్డున పడేది.

ఇప్పుడు నిబంధనలు ఇంకా గట్టివి. 1988 చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచింది. గ్యాసు, బ్యాటరీ వంటి ఇంధనాలకు మార్చుకోవడానికి షరతులతో వీలుంది. కనుక మనవలు కంప్యూటర్లో కోబ్రాను చూసి, తాతగారి పాత కారుకు పెద్ద ఇంజన్ ఎక్కిస్తామంటే ముందు ఈ సెక్షను చదివించండి.

సెకండ్ హ్యాండు బండి కొనేటప్పుడు రంగు, టైర్లు చూసి మురిసిపోకండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. అంకెలు ఒక్కొక్కటిగా తేలతాయి. వాటిని ఆర్.సి.తో సరిచూడండి, ఇంజన్ నంబరు కూడా సరిచూడండి. పుస్తకం పోయి కార్డు, కార్డుతోపాటు ఫోనులో కనిపించే పత్రం వచ్చాయి గాని, రుద్ది చూసే పద్ధతికి మించింది ఇంకా రాలేదు. అంకె చెరిగినట్టున్నా, అరగదీసినట్టున్నా బేరం మానుకుని ఇంటికి రండి. సెలవు.