చక్రాలమీది ఇంటికి ఎన్ని వోల్టులు?

బొంగులూరు గేటు దగ్గరి ఒక షెడ్డులో మా బావగారు పాత బస్సునొకదాన్ని సంచార గృహంగా మార్పించుకొంటున్నారు. 12, 24, 48 వోల్టులలో దేనిని ఎన్నుకోవాలన్న ఆయన ప్రశ్న నన్ను కాస్త వెనక్కి లాగింది.

ఇది నిజానికి రాగి చరిత్ర. అదే శక్తిని పంపేటప్పుడు వోల్టేజి రెట్టింపయితే కరెంటు సగమౌతుంది. అదే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. తొలినాటి కార్లలో చాలావాటికి 6 వోల్టులే. పెద్ద ఇంజన్లకు అవి చాలక 1950లలో అమెరికా కార్లు 12కు మారాయి. డీజిలు ఇంజనును కదిలించడం మరీ కష్టం గనుక మన పెద్ద లారీలు, బస్సులు రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపి 24తో నడుస్తున్నాయి.

ఈ లెక్కను మన రైతులు మోటార్లు కాల్చుకొని నేర్చారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు నుండి ఎల్టీ లైను దూరం సాగినకొద్దీ చివరి బోరుకు చేరేది లోవోల్టేజియే. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్.వి.డి.ఎస్. పేరిట 11,000 వోల్టుల లైనునే పొలందాకా తెచ్చి, ఇద్దరు ముగ్గురు రైతులకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించారు.

అయితే లెక్క కుదిరినంతమాత్రాన లోకం మారదు. 1990లలో కార్ల కంపెనీలు ఎం.ఐ.టి.తో కలిసి 42 వోల్టుల విధానాన్ని తలపెట్టాయి. 2001లో టొయోటా క్రౌన్‌లో అది వచ్చింది కూడా. బల్బు మొదలుకొని అన్నీ మార్చవలసిన ఖర్చుకు జడిసి ఆ ఉత్సాహం చల్లారింది. 2011లో జర్మన్ కంపెనీలు తెలివిగా 12ను కదపకుండా దాని పక్కనే 48ను పెట్టాలని కూడబలుక్కొన్నాయి. (టెలిఫోను ఎక్స్ఛేంజీలకు 48 పాత చుట్టమే.)

బావగారికి ఏసీ, ఇండక్షన్ పొయ్యి కావాలి. 2,400 వాట్లకు 12 వద్ద 200 ఆంపియర్లు, 24 వద్ద 100, 48 వద్ద 50. ప్లైవుడ్ గోడల నడుమ, మనుమలు నిద్రించేచోట, 200 ఆంపియర్ల తీగకు ఒక్క బోల్టు వదులైతే చాలు, నిప్పే. అందుచేత బస్సుకు 24 యథాతథంగా ఉంచి, ఇంటికి 48, దీపాలకు కన్వర్టరు ద్వారా 12 అన్నాను. ఫ్యాన్లు, దీపాలే అయితే 24తో సరిపెట్టుకొమ్మనేవాణ్ణి. దాని సామాను దారిలో ఎక్కడైనా దొరుకుతుంది.

ఆయన ఒప్పుకొన్నారు గాని, ఇంటి గోడ స్విచ్చీలే వాడతానన్నారు. ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు దిగి స్విచ్చీలోని మెరుపును ఆర్పుతుంది. డీసీ అలా దిగదు. డీసీకని రాసివున్న స్విచ్చీలు, ఫ్యూజులు వచ్చేదాకా పని ఆపించాను.