రాజమహేంద్రవరపుఁ బ్రాఁతపేటలలో గృహక్రయము

రాజమహేంద్రవరమునఁ గోటగుమ్మమునకును గోదావరి గట్టునకును నడుమనున్న ప్రాఁతపేటలలో నిల్లు కొనఁగోరువానికి మొదట చేతికి వచ్చునది తాళపుచెవి గాదు, కాగితముల కట్ట. అందుఁ దాతలనాఁటి క్రయపత్రములు, భాగపత్రములు, తాకట్టు తీర్చిన రసీదులు నుండును. ఇంటి గోడలకంటె ముందుగా నా కట్టను బరీక్షింపవలయునని న్యాయవాదులు చెప్పుదురు. చరిత్రపరిశోధకుల కది మఱియొక విధమున విలువగలది. తామ్రశాసనముల నాఁటి పలుకులు నేఁటికిని వ్యవహారమున జీవించియున్న తావులు మిక్కిలి తక్కువ. అందు నిది యొకటి.

క్రయపత్రములలో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను నష్టభోగములతోఁ గూడ నిల్లు విక్రయింపఁబడినట్లు వ్రాయుట వాడుక. అగ్రహారములను దానమిచ్చు శాసనములందు నీ భోగములకు నిజమైన యర్థము గలదు. ఊరికిఁ జెఱువుండును, కొండ యుండును, ముందు సాగులోనికి వచ్చు బీడుండును. నూఱు గజముల నివేశనమునకు నీ భోగము లెక్కడివి? అయినను వ్రాయసకాండ్రు మానలేదు. భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలయునని 1878వ సంవత్సరపు నిధుల చట్టము విధించినది. అటుపిమ్మటఁగూడ నమ్మువాఁడు నిధిని నిశ్చింతగా నమ్ముచునే యున్నాఁడు.

ఎల్లలు చెప్పు రీతియు నట్టిదే. తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని ప్రదక్షిణక్రమమున హద్దులు వ్రాయుట నేఁటికిని గలదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములు సంస్కృతముననే సాగినను, ఎల్లలకడకు వచ్చునప్పటికిఁ జెట్ల పేళ్లు, గుంటల పేళ్లు, పుట్టల పేళ్లు తెలుఁగుననే యుండును. స్థలము గుర్తింపవలసినవారు తెలుఁగువారు గదా! నన్నయభట్టు రచించిన నందంపూఁడి శాసనము రెండేరుల నడిమి విషయములోని గ్రామమునకు సంబంధించినది. గోదావరి పాయల నడుమ నేల కా పేరు తగియున్నది. 1572వ సంవత్సర ప్రాంతమున గోలకొండ సుల్తానుల యేలుబడి వచ్చిన పిమ్మట "ఎల్ల" పోయి "హద్దు" వచ్చెను, "పత్రము" ప్రక్కన "దస్తావేజు" చేరెను. మాటలు మాఱినవి కాని దిక్కుల వరుస మాఱలేదు.

ఇఁక నసలు విషయము. ఇల్లమ్ముటకు నెవరి సమ్మతి కావలయును? యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుఁడు భూమి చేతులు మాఱుట కాఱింటిని బేర్కొను వచనము నుదాహరించినాఁడు: గ్రామస్థులు, జ్ఞాతులు, ఇరుగుపొరుగువారు, దాయాదులు, వీరి యనుమతి నాలుగు, హిరణ్యము, ఉదకము రెండు. ఆతఁడు కల్యాణపురమున విక్రమాదిత్యుని పాలనలో నుండెను. రాజరాజనరేంద్రుని కుమారుఁడైన కులోత్తుంగునకు సమకాలికుఁడు. పదుమూఁడవ శతాబ్దమునఁ గేతన యీ ధర్మశాస్త్రమును విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. గమనింపఁదగిన దేమనఁగా, గ్రామస్థుల యనుమతి యందఱకుఁ దెలియుటకే యనియు, పొరుగువారి యనుమతి హద్దు తగవులు రాకుండుటకే యనియు మితాక్షర స్పష్టపఱచుచున్నది. అనఁగా, వారు కాదన్నంతమాత్రమున విక్రయము చెడదు. పుస్తకమున నింత స్పష్టముగా నున్నను, పేటలలోని యాచారము మఱియొక విధముగా నుండెను.

ఆంగ్లేయుల చట్టములు వచ్చి యందఱకుఁ దెలియఁజేయు పనిని గ్రామస్థులనుండి తీసి రిజిస్ట్రారు కచ్చేరికి నప్పగించినవి. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టముచే నూఱు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి రిజిస్టరు పత్రము లేక యమ్ముడుపోదు. అంతకుముందే, 1856లో, ప్రీవీకౌన్సిలు హనుమాన్ ప్రసాదు వ్యాజ్యెములో, అవసరము నిజముగా నున్నదా యని విచారించుట ఋణదాత విధి యని తీర్పుచెప్పెను. కొనువానికి నదియే సూత్రమయ్యెను. మన క్రయపత్రములలో "కుటుంబావసరముల నిమిత్తము" అనియు, కూఁతురి పెండ్లి యనియు, పూర్వఋణ మనియుఁ గారణములు వ్రాయుట యీ సూత్రమువలనఁ బాఁతుకొన్న యలవాటు. అమ్ముకొనుచున్న సిగ్గును గప్పిపుచ్చుటకై యది వ్రాయుదురని కొందఱనుట సరిగాదు. అది కొనువాని రక్షణకై వ్రాయించినది.

అదే 1856లో వితంతు వివాహములు చట్టసమ్మతము లయ్యెను. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. చట్టము కాదనలేదు, ఇరుగుపొరుగు కాదనెను. వెలివేయఁబడినవారికిఁ బురోహితులును వంటవారును దొరకుట కష్టమయ్యెను. క్రొత్తదంపతులకు వసతి గల్పించుభారము పంతులుగారిపైననే పడెను. విజ్ఞానేశ్వరుఁడు హద్దు తగవులకు మాత్రమే పరిమితము చేసిన పొరుగువారి సమ్మతి, పేటలో నిలుచుటకే యవసరమైనదని దీనివలనఁ దెలియును. పేటలన్నియు నొక్క కులమువారివో యొక్క వృత్తివారివో యైనంతకాలము, వెల యిచ్చుటకు సిద్ధముగా నున్నవాఁ డెల్ల నిల్లు కొనఁగలవాఁడు కాఁడు. పత్రములలో నీ సంగతి యెక్కడను వ్రాయఁబడదు. ఎల్లలయందు గనఁబడు పొరుగువారి యింటిపేళ్లను వరుసగాఁ జదివినవారికి మాత్రము బోధపడును.

ఇంటి కట్టడమే చిక్కునకు మూలము. డెల్టాలోని పెద్దయిండ్లు మండువాలోగిళ్లు. నడుమ నాకాశమునకుఁ దెఱచిన మండువా, నాలుగు దిక్కుల వసారాలు, వీధివైపున నరుగు, పెరట నూయి. దూలములకుఁ బైమన్యమునుండి గోదావరిపైఁ దెప్పలుగాఁ దేలివచ్చిన టేకు. గూనపెంకుల స్థానమునఁ దరువాత మంగుళూరు పెంకులు వచ్చినవి. ఇట్టి యింటిని నలుగురన్నదమ్ములు పంచుకొన్నప్పుడు మండువా యెవరిది? వాన నీరెవరి వైపునకుఁ బాఱవలయును? ఒకని భాగమును బయటివాఁడు కొన్నచో, వంటయింటి యెదుట పరాయివాఁడు నిలుచును. ఈ యిబ్బందిని జట్టము గుర్తించినది. ఉమ్మడి కుటుంబపు నివాసగృహములో భాగము కొన్న పరాయివానికి 1882వ సంవత్సరపు చట్టమునుబట్టి యందుఁ గలసి నివసించు హక్కు లేదు. అతఁడు విభాగము కోరినచో నా భాగమును వెలగట్టించి తామే కొనుటకు 1893వ సంవత్సరపు విభాగ చట్టము దాయాదుల కవకాశ మిచ్చినది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టమును సహవారసులకు ముందుగాఁ గొను హక్కును జెప్పినది. మితాక్షరలోని యాఱింటిలో దాయాదుల మాట యిట్లు తిరిగివచ్చినది.

దాయాదులన నెవరు? 1956 చట్టమున నింటిలోని మగవారు పంచుకొన నిశ్చయించువఱకు నాఁడువారసులు విభాగము కోరఁగూడదను నిబంధన యుండెను. 2005లో నది తొలఁగింపఁబడెను. ఆంధ్రప్రదేశమున నంతకు ముందే, 1985 సెప్టెంబరు 5 నుండి, అవివాహితలైన కూఁతుండ్రకు జన్మతః సమభాగము వచ్చెను. న్యాయ మది. కాని ప్రాఁతయిల్లు కొనువానికి సంతకములు పెరిగినవి. నాలుగు తరములయిన పిమ్మట నొక్క మండువా యింటికి వారసులు హైదరాబాదునను విదేశములను జెదరియుందురు. ఒక్కఁడు సంతకము పెట్టనిచో నిల్లు అమ్ముడుపోదు, బాగుచేయఁబడదు. పైకప్పు కురియుచునే యుండును. అందఱును సమ్మతించిననాఁడు దానిని గొనునది చాలచోట్ల నందుఁ గాపురముండఁగోరు గృహస్థుఁడు గాదు, అంతస్తుల మేడ కట్టు వ్యాపారి.

అట్టి విక్రయములలోఁ గ్రొత్త పత్రమునకు ప్రాఁత పత్రములోని వివరమును మక్కికి మక్కి యెత్తివ్రాయుదురు. కొళాయిలు వచ్చినపిమ్మటఁ బూడ్చివేసిన నూఁతిలోను సగము హక్కు కొనువానికిఁ జెందును.