ఉప్పరపల్లి యుద్ధం

ఓరుగల్లు మీదికి ఢిల్లీ సుల్తానులు పంపిన తొలి దండు ఓడిపోయిన పోరు ఇది. 1303లో కాకతీయ ప్రతాపరుద్రుడి సేనలు అలాఉద్దీన్ ఖిల్జీ సైన్యాన్ని ఉప్పరపల్లి దగ్గర తరిమికొట్టాయి. ఈ ఊరు పాత కరీంనగర్ జిల్లాలోనిదని చరిత్రకారులు గుర్తించారు. 

1296లో దేవగిరిని దోచినప్పటి నుంచి దక్కను సంపద మీద అలాఉద్దీన్ కన్నుపడింది. 1303లో తాను చిత్తోడు ముట్టడిలో ఉండి, మాలిక్ ఫక్రుద్దీన్ జూనా, కారా పాలకుడు ఝజ్జు నాయకత్వంలో ఓరుగల్లుకు సైన్యాన్ని పంపాడు. తెలిసిన దేవగిరి బాట వదిలి బెంగాల్ మీదుగా తూర్పు దారిన నడిపించడం ఈ దండయాత్రలో పెద్ద పొరపాటు. దూరం పెరిగింది, పైగా వానాకాలం.

ఓటమికి కారణం ఏమిటన్న దగ్గర ఆధారాలు రెండు దారులు పడతాయి. సుమారు యాభై ఏళ్ల తర్వాత రాసిన ఢిల్లీ చరిత్రకారుడు బరనీ నెపమంతా వానల మీదికి నెట్టాడు. వెలుగోటివారి వంశావళి మాత్రం యుద్ధం జరిగిన ఊరిని పేరు పెట్టి చెబుతుంది; ప్రసాదిత్య నాయుడి కొడుకు వెన్నడు, పోతుగంటి మైలి తురకసేన గర్వమణచారంటుంది. వంశావళి తమ పూర్వీకులను పొగడక మానదు, నిజమే. కానీ సుల్తాను కొలువు చరిత్రకారుడు ఓటమికి వానను సాకు చేయడం అంతకన్నా నమ్మదగిందేమీ కాదు. వానలు దండును నీరసింపజేశాయి, నాయకులు దెబ్బతీశారు అనుకోవడమే సబబు.

చావగా మిగిలినవారు వెనక్కి వెళ్లేసరికి మంగోలు సేనాని తర్గీ ఢిల్లీని చుట్టుముట్టి ఉన్నాడు. మనుషులనూ సామగ్రినీ పోగొట్టుకున్న ఈ సైన్యం రాజధానికి అక్కరకు రాలేదు. చిత్తోడు నుంచి అప్పుడే తిరిగొచ్చిన అలాఉద్దీన్ సిరి దగ్గర కందకాలు తవ్వించి తలదాచుకోవలసి వచ్చింది.

ఢిల్లీ దీన్ని మరిచిపోలేదు. 1309లో మాలిక్ కాఫూర్ బెంగాల్ దారి మానేసి, దేవగిరి మీదుగా వచ్చి, ఆదిలాబాద్ సీమలోని సిర్పూరు కోటను పట్టి ఓరుగల్లును ముట్టడించాడు. 1310లో ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి ఏటేటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. ఉప్పరపల్లి గెలుపు కాకతీయ రాజ్యానికి సంపాదించిపెట్టిన గడువు ఆరేడేళ్లు.