నీళ్ళెవరు పోస్తారు?

ఒంగోలు నుంచి కొత్తపట్నం ఒడ్డుకి వెళ్ళినవాళ్ళకి సరుగుడు తోటల్ని పరిచయం చెయ్యక్కర్లేదు. అనాదిగా అక్కడే పుట్టి పెరిగినట్టుంటుంది గానీ, ఆ చెట్టు మన తీరానికి వచ్చింది 19వ శతాబ్దంలో. మద్రాసు పరిసరాల్లో రైలింజన్లకి కట్టెల కోసం దాన్ని పెంచారు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేశాక, గాలికి అడ్డుగోడగా దానికి ఇంకో ఉద్యోగం దొరికింది. ఎదిగితే కొట్టి అమ్ముకోవచ్చు కూడా. అంటే తన ఖర్చు తనే సంపాదించుకునే చెట్టు.

మన కాలనీ పార్కులో చెట్టుకి ఆ యోగ్యత లేదు. అది ఇచ్చేది నీడ. నీడని తూకం వేసి అమ్మలేం. మరి దానికి నీళ్ళెవరు పోస్తారు? ఈ ప్రశ్న కొత్తది కాదు.

సప్తసంతానాల్లో కొడుకు, చెరువు, కావ్యం, గుడితో పాటు వనం కూడా ఒకటి. తోట వేయిస్తే పేరు నిలుస్తుందని నమ్మకం. అయితే పాత శాసనాల్ని కాస్త నిదానంగా చదివితే, దాతలు పేరు దగ్గరే ఆగిపోలేదని తెలుస్తుంది. గుడికి పూలతోట ఇచ్చినచోట, దాన్ని చూసుకునేవాడి బతుకుతెరువుకి భూమి కూడా రాసిన సందర్భాలున్నాయి. 'ఆచంద్రార్కం' అన్న మాటని మనం అలంకారంగా చదువుతాం. నిజానికది నిర్వహణ గడువు. శాసనాల చివర తరచు కనిపించే శ్లోకమొకటి ఇంకా ముందుకు వెళ్తుంది: తాను చేసిన దానం కంటే, ఇంకొకరు చేసిన దానాన్ని కాపాడటంలో రెట్టింపు పుణ్యం ఉందంటుంది. నాటినవాడి కంటే నీళ్ళు పోసినవాడు గొప్పన్నమాట. అలాగని ఆ కాలాన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ తోటల్లోకి, ఆ గుళ్ళలోకి ఊళ్ళో అందరికీ అడుగుపెట్టే హక్కు లేదు. ఉమ్మడి అన్న మాటకి అప్పుడు కులం హద్దు.

తర్వాత బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో, 1884 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో లోకల్ బోర్డులు బలపడ్డాయి. రోడ్ల పక్కన చింతచెట్ల కాపుని వేలం వెయ్యడం పరిపాటయింది. పాటదారుడికి కాయ, ఖజానాకి డబ్బు, బాటసారికి నీడ. ఇక్కడ పుణ్యం ప్రసక్తి లేదు. చెట్టు కాస్తా ఆదాయ పద్దు అయింది.

ఇప్పుడు మన వంతు. లేఅవుట్ వేస్తే 10 శాతం ఖాళీ జాగా వదలాలన్నది నిబంధన. బ్రోషర్లో ఆ జాగా పచ్చగానే ఉంటుంది. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక పంచాయతీ చూసుకుంటుందని ఇళ్ళవాళ్ళు, ఇళ్ళవాళ్ళు చూసుకుంటారని పంచాయతీ. నెలకింత వేసుకుందామంటే, "మా పిల్లలు ఆ పార్కుకే రారండీ" అనే ఇల్లు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అసలు జాగాయే వదలని లేఅవుట్లకి తెలంగాణ 2020లో క్రమబద్ధీకరణ దారి చూపింది: ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. రాజ్యానికి డబ్బొచ్చింది, యజమానికి కాగితమొచ్చింది. ఆ వీధిలో నీడ మాత్రం రాలేదు.

అదే తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో మరో మాట చెప్పింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బాధ్యత సర్పంచిది, కార్యదర్శిది. 2019 పురపాలక చట్టం బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. అమలు సంగతి ఊరూరికీ వేరు. కానీ లెక్క నాటిన మొక్కల నుంచి బతికిన మొక్కల వైపు జరగడం చిన్న విషయం కాదు.

1950లో వనమహోత్సవం మొదలైనప్పటి నుంచీ మనం నాటుతూనే ఉన్నాం. నాటిన రోజున ఫోటో ఉంటుంది, పేరున్న ఫలకం ఉంటుంది. మూడో వేసవిలో ట్యాంకరు తెచ్చిన మనిషికి ఫలకం ఉండదు, చాలాచోట్ల జీతం కూడా సరిగ్గా ఉండదు. ఆ శ్లోకం ప్రకారం రెట్టింపు పుణ్యం అతనిదే. పుణ్యం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు అతని జీతానికి మన నెలవారీ లెక్కలో ఒక పద్దు రాద్దాం.