రామచిలుకకు అనుమతి పత్రం

జోస్యం చెప్పే రామచిలుకకు ఈ దేశంలో ఏ అధికారీ అనుమతి పత్రం ఇవ్వడు. అదే వీధిలో ఆఫ్రికా నుంచి వచ్చిన బూడిదరంగు చిలుకను పెంచుకునేవాళ్లు మాత్రం 2024 నిబంధనల ప్రకారం వివరాలు నమోదు చేసుకుంటే చాలు. పరాయి పిట్టకున్న వెసులుబాటు మన పిట్టకు ఎందుకు లేదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు చరిత్రలో వెతకాలి. స్వదేశీ వన్యప్రాణులను పట్టుకోవడానికి, ఉంచుకోవడానికి అనుమతులిచ్చే పద్ధతి మన చట్టంలో ఒకప్పుడు ఉండేది. పత్రంలో రాసిన ప్రాణీ, పంజరంలో ఉన్న ప్రాణీ ఒకటేనని తేల్చే ఉపాయం లేకనే ఆ పద్ధతి క్రమంగా మూతపడిందని నా అభిప్రాయం.

బ్రిటిష్ కాలపు 1912 చట్టం కొన్ని జాతులకు వేట నిషేధ కాలం పెట్టింది తప్ప పెంపకం జోలికి పెద్దగా పోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట లైసెన్సులతో పాటు అడవి జంతువులను పట్టే లైసెన్సును కూడా ఉంచింది. అప్పటికే ముఖ్యమైన జాతుల జంతువులు చేతిలో ఉన్నవాళ్లు 30 రోజుల్లో ప్రకటించాలంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ వాళ్లకు యాజమాన్య ధ్రువపత్రం ఇవ్వవచ్చంది. ఉన్నవాటిని లెక్కలోకి తెస్తే కొత్తవి అడవి నుంచి రావడం ఆగుతుందని ఆశ. అది నెరవేరలేదు. 1990-91 నాటికి స్వదేశీ పక్షుల ఎగుమతి, వ్యాపారం నిషేధించారు. 1991 సవరణ వేట లైసెన్సులను తీసేసింది. 2003లో ప్రకటనకు మరో 180 రోజుల గడువిచ్చి తలుపు మూశారు. చాలాకాలం చట్టంలో తక్కువ రక్షణ ఉన్న నాలుగో షెడ్యూలులో ఉన్న రామచిలుక, 2022 సవరణతో రెండో షెడ్యూలుకు చేరింది.

ఎందుకు నెరవేరలేదో చిలుక గూడే చెబుతుంది. రామచిలుక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. చెట్టెక్కి చెయ్యి పెడితే పిల్లలు దొరుకుతాయి. ఒక్కోసారి వాటికోసం తొర్రనే నరికి వెడల్పు చేస్తారు. మరుసటి ఏడు ఆ తొర్ర ఏ పక్షికీ పనికిరాదు. అలా తెచ్చిన పిల్లకూ, ఇంట్లో పొదిగిన పిల్లకూ కంటికి కనిపించే తేడా ఏమీ లేదు. పాత చిలుక చనిపోతే అదే పత్రం కొత్త చిలుకకు పనికొస్తుంది. తలుపు కొద్దిగా తెరిచి ఉన్నంతకాలం తొర్రలు ఖాళీ అవుతూనే ఉంటాయి.

పెంపకందార్లకు లైసెన్సులిస్తే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని వాదించేవాళ్లు ఆస్ట్రేలియాను చూపిస్తారు. న్యూసౌత్‌వేల్స్‌లో స్వదేశీ పాములను, బల్లులను లైసెన్సుతో పెంచుకోవచ్చు. వాటిని అడవి నుంచి పట్టి తేకూడదు. ఆ వాదనను తేలిగ్గా కొట్టెయ్యలేం. అయితే అక్కడి పెంపకందార్ల చేతిలో తరతరాలుగా బోనులోనే పుట్టిన ప్రాణులున్నాయి. 1991లో మన సంతల్లోని చిలుకలు దాదాపు అన్నీ అడవివే. పైగా పిల్లను పొదిగించి, మేపి, పుట్టిన కొద్ది రోజుల్లోనే కాలికి అతుకులేని రింగు తొడిగి అమ్మేవాడు, ఉచితంగా తొర్రలోంచి తెచ్చేవాడితో ధరలో పోటీపడలేడు. ఏనుగు సంగతి వేరు. 1977లో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలుకెక్కినా దాని యాజమాన్య పత్రాలు నేటికీ చెల్లుతున్నాయి. ఒక్కో ఏనుగునూ మైక్రోచిప్‌తో గుర్తించవచ్చు. ఏనుగులకు వేరుగా ఉన్న 2024 నిబంధనలు దాని జన్యు వివరాలు కూడా అడుగుతున్నాయి. లక్షల చిలుకలకు అది చేసేదెవరు?

నన్ను ఎక్కువగా కలవరపెట్టే అభ్యంతరం మరొకటుంది. నిషేధం భారం చిలుకను కొన్నవాళ్ల మీద పడలేదు, పిట్టలు పట్టి బతికే సంచార కుటుంబాల మీద పడింది. ఇది నిజం. అందుకని లైసెన్సు తిరిగి తెస్తే వాళ్లకు మేలు జరుగుతుందనుకోను; దరఖాస్తు, చిరునామా, తనిఖీ అన్నీ దుకాణదారుకు అనుకూలమైనవే. ఎలుగుబంట్లను ఆడించే కలందర్ల విషయంలో జరిగిన పని గమనించాలి. 1998 నోటిఫికేషన్ ఎలుగుబంట్ల ప్రదర్శనను నిషేధించాక, స్వచ్ఛంద సంస్థలు జంతువును తీసుకుని ఆ కుటుంబానికి వేరే ఉపాధికి పెట్టుబడి ఇచ్చాయి. పిల్లల చదువు కూడా చూశాయి. దశాబ్దం తిరిగేసరికి వీధుల్లో ఎలుగు ఆట దాదాపు ఆగిపోయింది. పిట్టలు పట్టేవాళ్లకూ, చిలక జోస్యం చెప్పేవాళ్లకూ ఆ స్థాయి ఏర్పాటు నేటికీ జరగలేదు. 1991లో లైసెన్సు రద్దు చేసిన ప్రభుత్వాలు వాళ్లకు బాకీ పడ్డది అదే.