చెవి చుట్టూ నూరేళ్లు

1910లో అమెరికా నౌకాదళానికి యూటా రాష్ట్రం నుంచి ఊదారంగు సిరాతో రాసిన ఉత్తరం ఒకటి అందింది. రాసినవాడి పేరు నథానియేల్ బాల్డ్విన్. తాను చేసిన రిసీవర్లను పరీక్షించి చూడమని అందులో కోరాడు. అప్పటి వైర్‌లెస్ సెట్లలో శబ్దాన్ని పెంచే సాధనమేదీ లేదు. ఏరియల్‌కు చిక్కిన ఆ కొద్దిపాటి విద్యుత్తే చెవి దగ్గరి పొరను కదిలించాలి. బాల్డ్విన్ ఒక్కో రిసీవర్‌లో మైలు పొడవున సన్నటి రాగితీగ చుట్టి, అంత బలహీనమైన సంకేతం కూడా వినబడేలా చేశాడు. పరీక్షించి చూసిన అధికారులు ఆశ్చర్యపోయారు. తమ దగ్గర ఉన్నవాటికంటే ఇవి ఎంతో నయం. ఆర్డరు పెడితే, ఒక దఫాకు పదికి మించి ఇవ్వలేనని జవాబు వచ్చింది. ఆయన కార్ఖానా ఇంట్లోని వంటగదే మరి.

నౌకాదళం చేసిన ఫిర్యాదు ఒక్కటే. అది శబ్దం గురించి కాదు, తలపట్టీ గురించి. గంటల తరబడి పెట్టుకోవడానికి హాయిగా లేదన్నారు. బాల్డ్విన్ తోలు తొడిగిన రెండు లోహపు కడ్డీలను తల మీదుగా వంచి, రిసీవర్లు పైకీ కిందికీ జరిగేలా బిగించాడు. దానికి పేటెంటు తీసుకోమని చెప్పినా వినలేదు. అంత చిన్న పనికి పేటెంటేమిటని అనుకున్నాడు. ఈ రోజు ఏ హెడ్‌ఫోన్ చేతికి తీసుకున్నా ఆ జరిగే పట్టీ కనబడుతుంది. శబ్దం అసలు సంగతి, పెట్టుకునే సుఖం అదనపు సంగతి అన్న ఆయన లెక్క ఇప్పటికీ మన దుకాణాల్లో, ప్రకటనల్లో చెల్లుబాటవుతూనే ఉంది. హెడ్‌ఫోన్ చరిత్ర చదివినకొద్దీ నాకు ఆ లెక్క తప్పని గట్టిగా అనిపిస్తుంది. ఈ వస్తువు విషయంలో సుఖం శబ్దంలో భాగం.

బాల్డ్విన్‌కు ముందూ కథ ఉంది. 1880లలో టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో ఆపరేటర్లు రిసీవర్‌నూ మైకునూ భుజాల మీద మోసేవారు. ఒక చెవికే శబ్దం. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ ఆదేర్ ఒక విచిత్రం చూపించాడు. ఒపేరా వేదిక అంచున మైకులు పెట్టి, తీగల మీదుగా ప్రదర్శనశాలకు పాట తెచ్చాడు. శ్రోత రెండు చేతుల్లో రెండు రిసీవర్లు పట్టుకుని రెండు చెవులకూ ఆనించుకోవాలి. గాయకుడు వేదిక మీద ఇటు నుంచి అటు నడుస్తుంటే గొంతు కూడా నడుస్తున్నట్టు తెలిసిందట. స్టీరియో అనుభవం లోకానికి మొదట దొరికింది స్పీకర్లలో కాదు, చెవికి ఆనించిన ఈ రిసీవర్లలోనే.

నాణ్యత విషయంలో పెద్ద మలుపు జర్మనీలో వచ్చింది. 1937లో యూజెన్ బేయర్ సంస్థ డీటీ 48 అనే నమూనా తెచ్చింది. అయస్కాంతం మధ్య తీగచుట్ట కదిలి, దాంతోపాటు పొర కదిలే పద్ధతి అది. లౌడ్‌స్పీకర్‌లో వాడే సూత్రాన్నే చెవి పరిమాణానికి కుదించారు. ఆ నమూనా తయారీ 2012 దాకా సాగింది. ఒక ధ్వని పరికరానికి అది దీర్ఘాయువే. నేటి హెడ్‌ఫోన్లలో అత్యధికం ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

అయినా అప్పటికి హెడ్‌ఫోన్ ఎక్కువగా పనివాళ్ల సామానే. స్టీరియో సంగీతం కోసం ఇంట్లో పెట్టుకోవడం అనేది 1958లో మొదలైంది. అమెరికాలోని మిల్వాకీలో ఆసుపత్రి రోగులకు టీవీలు అద్దెకిచ్చే జాన్ కాస్, ఇంజనీరు మార్టిన్ లాంగ్‌తో కలిసి ఒక చిన్న రికార్డు ప్లేయర్ తయారుచేశాడు. దాంతోపాటు ఒంటరిగా వినడానికి ఎస్‌పీ/3 అనే స్టీరియో హెడ్‌ఫోన్ జత. ప్రదర్శనలో జనం ప్లేయర్‌ను వదిలేసి హెడ్‌ఫోన్ల చుట్టూ మూగారు. స్టీరియో ఎల్‌పీ రికార్డులు మార్కెట్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. కాలం కలిసివచ్చింది.

కాస్ ధోరణి చెవిని పూర్తిగా కప్పేసే మూత కప్పులు. అక్కడే భౌతికశాస్త్రం తలకూ చెవికీ లోబడిపోతుంది. మెత్తకూ చెంపకూ మధ్య గాలి చొరకపోతే, లోపలి చిన్న చోటులో పొర ఏ కాస్త కదిలినా గాలి పీడనం మారుతుంది, కర్ణభేరి దాన్నే శబ్దంగా అందుకుంటుంది. ఒక సన్నటి సందు ఉంటే కథ మారిపోతుంది. నెమ్మదిగా సాగే బాస్ తరంగాలకు గాలి బయటికి జారిపోయేంత వ్యవధి దొరుకుతుంది, పీడనం నిలవదు. వేగంగా కంపించే ట్రెబుల్‌కు ఆ నష్టం తక్కువ. అందుకే కళ్లజోడు కాడ మెత్తను కొద్దిగా పైకి లేపితే చాలు, అదే హెడ్‌ఫోన్, అదే పాట పలచగా, గరుకుగా వినబడుతుంది. ఆ సందు మూయాలని పట్టీ బిగువు పెంచితే దవడ నొప్పి పుడుతుంది. శబ్దానికీ సుఖానికీ తగువు ఇక్కడిది. తయారీదారు చేసేదల్లా ఆ తగువులో ఏదో ఒక చోట రాజీ కుదర్చడమే.

1968లో సెన్‌హైజర్ సంస్థ ఆ తగువు నుంచి తప్పుకునే దారి వెతికింది. హెచ్‌డీ 414 నమూనాలో కప్పుల వెనక భాగాన్ని మూయకుండా వదిలేసి, గాలి ఆడే స్పాంజి మెత్తలు పెట్టారు. బయటి చప్పుడు లోపలికి వస్తుంది, మన పాట పక్కవాళ్లకు వినబడుతుంది. బదులుగా తల మీద బరువు తగ్గింది, చెవికి ఉక్క పోయింది, శబ్దం డబ్బాలోంచి వస్తున్నట్టు కాక ఎదుట విచ్చుకున్నట్టు అనిపించింది. పసుపు మెత్తల ఆ హెడ్‌ఫోన్లు కోటికి పైగా అమ్ముడుపోయాయి. 1979లో సోనీ వాక్‌మన్ వీధిలోకి తెచ్చింది కూడా స్పాంజి మెత్తల తేలికపాటి జతనే. విమానపు హోరును ఎదురు తరంగంతో అణచే ఆలోచన 1978లో ప్రయాణంలో ఉన్న ఇంజనీరు అమర్ బోస్‌కు తట్టింది, 1989కి అది పైలట్ల హెడ్‌సెట్‌గా అమ్మకానికి వచ్చింది.

ఇన్ని రకాలు వచ్చాక ఏది మంచిదో తేల్చడం ఎలా? స్పీకర్‌ను గదిలో మైకు పెట్టి కొలవవచ్చు. హెడ్‌ఫోన్‌కు చెవి కావాలి. 1972లో అమెరికాలోని నోల్స్ సంస్థ సగటు మనిషి కొలతలతో, రబ్బరు చెవులతో కీమార్ అనే బొమ్మ తయారుచేసింది. దాని చెవిలోపల మైకు ఉంటుంది. అయినా ఏ స్థాయి స్వరం ఎంత బిగ్గరగా వస్తోందో చూపే గీత ఒకసారి తగిలిస్తే వచ్చినట్టు మరోసారి తగిలిస్తే రాదు. అందుకే తీసి, మళ్లీ పెట్టి, పలుమార్లు కొలిచి సగటు తీస్తారు. గీత వచ్చాక ఇంకో చిక్కు. మన చెవి నిర్మాణమే 3 కిలోహెర్ట్జ్ దరిదాపుల శబ్దాన్ని బాగా పెంచి లోపలికి పంపుతుంది. కాబట్టి మంచి హెడ్‌ఫోన్ గీత సమతలంగా ఉండకూడదు, అక్కడ గుట్టలా లేవాలి. ఎంత లేవాలి అన్నదే దశాబ్దాల చర్చ. అన్ని దిక్కుల నుంచీ సమానంగా శబ్దం వస్తే చెవిలో ఎలా ఉంటుందో దాన్నే ప్రమాణం చేయాలని 1980లలో జర్మనీలో పరిశోధకుడు గుంటర్ టైలే వాదించాడు.

ఆ తర్వాత హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ చేసిన పరీక్షలు నాకు అన్నిటికంటే ఇష్టం. శ్రోతకు కంపెనీ పేరు తెలియకూడదని వెనక నుంచి ఒకరు హెడ్‌ఫోన్ తగిలించేవారు, శ్రోత చేత్తో తడమడానికి వీల్లేదు. అయినా తల ఊరుకోదు. బరువును బట్టి, బిగువును బట్టి ఇది ఇందాకటిది కాదని తెలిసిపోతుంది, తీర్పు మీద ఆ నీడ పడుతుంది. దాంతో వాళ్లు ఒకే హెడ్‌ఫోన్ తల మీద ఉంచి, మిగతావాటి శబ్దాన్ని దాంట్లోనే అనుకరించి వినిపించారు. సుఖాన్ని శబ్దం నుంచి విడదీయడానికి అంత కృత్రిమం అవసరమైంది. మంచి గదిలో మంచి స్పీకర్లు విన్నప్పటి సమతూకానికి దగ్గరగా ఉన్నదే ఎక్కువమందికి నచ్చిందని 2013 నాటికి తేల్చారు. ధర మాటకొస్తే, 2017లో పరిశోధకుడు యెరూన్ బ్రేబార్ట్ 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, వెలకూ శబ్దపు సమతూకానికీ సంబంధం కనబడలేదని రాశాడు.

కీమార్ కళ్లజోడు పెట్టుకోదు, చెవులకు బుట్టలు పెట్టుకోదు, జడ ముడుచుకోదు. అందుకే కొనేవాళ్లు రోజూ ఎలా ఉంటారో అలాగే వెళ్లి పెట్టుకుని చూడాలని నా సలహా. ముందు బాగా ఎరిగిన ఒక గొంతు వినండి, అసహజంగా ఉంటే తక్కినవేవీ దాన్ని పూడ్చలేవు. తరవాత మృదంగం. ఎడమ పక్క దెబ్బ గుండ్రంగా మోగి ఆగాలి, మోత సాగిపోతే బాస్ అతిగా ఉన్నట్టు. తంబురా మీటినప్పుడు తీగ వెంట వచ్చే ఝుంకారం చెవిని గుచ్చకుండా వినబడాలి. రెండు జతలు పోల్చేటప్పుడు ధ్వని మోతాదు సమానం చేయండి. కొంచెం బిగ్గరగా మోగేదే మనకు మెరుగనిపిస్తుంది. ఆ తరవాత వీలైతే ఒక గంట తీయకుండా ఉంచండి. నడినెత్తి మీద ఒత్తిడి, చెవి అంచు లోపలి గుడ్డకు తగలడం, చెమట ఇవేవీ మొదటి ఐదు నిమిషాల్లో బయటపడవు. రోజంతా హెడ్‌సెట్‌తో కూర్చునే హైదరాబాద్ ఉద్యోగులకు ఈ గంట పరీక్షే ముఖ్యం.

మెత్తలు కాలంతో మారతాయి. లోపలి నురుగు అణిగిపోతే చెవి శబ్దం పుట్టించే పొరకు దగ్గరవుతుంది, అంచున సందులు ఏర్పడతాయి, కొన్నప్పటి శబ్దం ఉండదు. కృత్రిమ తోలు తేమకు విచ్చిపోయి పొలుసులుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ల గాలిలో ఆ పని త్వరగా జరుగుతుంది. దుకాణంలో వారంటీ ఎన్నేళ్లని అడుగుతాం గాని మెత్తలు విడిగా దొరుకుతాయా అని అడగం. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇన్నేళ్లుగా నిలబడటానికి దాని శబ్దం ఎంత కారణమో, ఏ పనిముట్టూ లేకుండా వేళ్లతో ఊడదీసి కొత్తవి నొక్కేయగలిగే దాని మెత్తలూ అంతే కారణం. వేరే కంపెనీ మెత్తలు చవగ్గా దొరికాయని వేస్తే మాత్రం మందం, గుడ్డ, రంధ్రాలు మారి శబ్దమూ మారుతుంది. ఆ నమూనాకు చేసిన మెత్తలే వేయాలి.